అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్: పాత బోల్టుల్లో ఏవి మళ్ళీ వాడొచ్చు, ఆయిల్ కారకుండా ఎలా బిగించాలి

1959 నుంచి చాలా ఏళ్ళపాటు అంబాసిడర్‌లో వచ్చినది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. ఇంగ్లండులో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బీ-సిరీస్ కుటుంబంలోది. ఎంజీఏ స్పోర్ట్స్ కారులో, మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నది కూడా ఇదే. "ఈ బండికి ఆయిల్ కారడం మామూలే" అనే మాట దీని గురించి ప్రతి షెడ్డులోనూ వినపడుతుంది. అందులో నిజం ఉన్నది ఒక్క చోటికే: క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక కొన. అక్కడ రబ్బరు సీలు లేదు కాబట్టి బండి నిలబడ్డాక ఒకటి రెండు చుక్కలు పడితే తప్పు పట్టలేం. మిగిలిన ప్రతి చోటా కారుతోందంటే బిగించడంలోనే లోపం ఉంది. చాలాసార్లు ఆ లోపం ప్యాకింగుది కాదు. వంగిన అంచుదో, చెడిన మరదో, అవసరానికి మించి బిగించిన బోల్టుదో అయి ఉంటుంది.

విప్పకముందే కారే చోటు పట్టుకోండి

ఇంజన్ బండిలో ఉండగానే బయటంతా కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టండి. అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడరు చల్లి, స్టార్ట్ చేసి 15 నిమిషాలు నడపండి. తర్వాత టార్చి వేసి, తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్నది ఏదో చూడండి. ఫ్యాను గాలి ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. అందుకే టాపెట్ కవర్‌లో (ఇంజన్ పై మూతలో) మొదలైన కారడం కూడా క్లచ్ హౌసింగ్ దగ్గర చుక్కగా కనపడుతుంది. వెనక సీలు పోయిందని గేర్‌బాక్సు దించిన బండ్లలో కొన్నిటికి అసలు రోగం ఆయిల్ ప్రెషర్ పైపు నిపుల్‌లో (పైపు కొనని బిగించే ముక్కలో) ఉంటుంది.

ఇంజన్ వేడిగా ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ బుసబుస తోసుకొస్తుంటే రింగులు అరిగి కంప్రెషన్ గాలి క్రాంక్‌కేసులోకి దిగుతోంది. అలాంటి ఇంజనుకి ఎంత మంచి ప్యాకింగ్ వేసినా నిలవదు.

విప్పేటప్పుడు

అట్టముక్క మీద టైమింగ్ కవరు (ఇంజన్ ముందు టైమింగ్ చెయిన్ మీది మూత), ఆయిల్ చాంబర్ (అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ముందు ప్లేటు ఆకారాలు గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. ముందు ప్లేటు బోల్టుల పొడవులు ఒకేలా ఉండవు. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలోకి వెళితే కొన అడుగుకి తగిలి ఆగుతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది కానీ ప్లేటు మీద ఒత్తిడి ఉండదు.

రాకర్ షాఫ్ట్ (వాల్వుల్ని నొక్కే రాకర్లు ఉండే ఇరుసు) ఒక్కటే తీద్దామని దాని నట్లు మాత్రం విప్పొద్దు. రాకర్ బ్రాకెట్లను పట్టుకున్న నాలుగు పెద్ద నట్లే హెడ్‌నీ పట్టుకుంటాయి. ముందు రేడియేటర్ నీళ్ళు దించి, హెడ్ నట్లన్నీ వరసలో కొంచెం కొంచెంగా వదులు చేయాలి. లేకపోతే హెడ్ ఒకవైపు లేచి వంగుతుంది, నీళ్ళు ఆయిల్‌లోకి దిగుతాయి.

పానాల సంగతి ఇక్కడే చెప్పాలి. ఈ ఇంజన్ బోల్టులు ఎక్కువగా యూఎన్ఎఫ్ మర (అంగుళాల కొలతలో ఉండే సన్న మర) ఉన్నవి, వాటి తలలు అంగుళాల కొలతలో ఉంటాయి. 1/4 బోల్టుకి 7/16 పానా, 5/16కి 1/2 పానా, 3/8కి 9/16 పానా. 13 మిల్లీమీటర్ల పానా 1/2 తల మీద కూర్చుంటుంది కానీ 0.3 మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. రెండు మూడుసార్లు గట్టిగా తిప్పితే మూలలు గుండ్రమవుతాయి. మూలలు పోయిన బోల్టుని మళ్ళీ వాడొద్దు. దాన్ని సరైన టార్కుకి (కొలిచిన తిప్పుడు బలానికి) బిగించడం కుదరదు, తర్వాత విప్పడం అంతకన్నా కుదరదు.

మర ఏదో తేల్చుకోండి

పాత అంబాసిడర్లలో ఎక్కువ నష్టం చేసింది ఇదే: పోయిన అంగుళాల బోల్టు స్థానంలో చేతికందిన మిల్లీమీటర్ల బోల్టు దిగ్గొట్టడం. 5/16 యూఎన్ఎఫ్ బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు, అంటే చుట్టుకీ చుట్టుకీ మధ్య 1.06 మిల్లీమీటర్లు. మామూలు 8 మిల్లీమీటర్ల బోల్టుకి ఆ దూరం 1.25. కంటికి రెండూ ఒకటే. ఒకటిన్నర చుట్టు చేత్తో పోతుంది, తర్వాత పట్టేస్తుంది, పానా పెడితే దిగుతుంది. దిగుతూ బ్లాకులోని మరని కోసేస్తుంది. ఆ బోల్టు కొంతకాలం నిలబడి, ఇంజన్ వేడెక్కి చల్లారే కొద్దీ వదులై, అక్కడ ఆయిల్ చెమర్చడం మొదలవుతుంది.

కాబట్టి ఒక పిచ్ గేజి, ఒక వెర్నియర్ దగ్గర పెట్టుకుని ప్రతి బోల్టునీ కొలవండి. మిల్లీమీటర్ల బోల్టు దొరికితే దాన్ని తీసేసి, ఆ రంధ్రం మీద గుర్తు పెట్టండి. దాన్ని తర్వాత బాగు చేయాల్సి ఉంటుంది.

బోల్టు ఎంత బలమైనదో చెప్పే తల మీది గుర్తులూ చూడండి. మూడు గీతలుంటే ఎస్ఏఈ గ్రేడ్ 5, ఆరు గీతలుంటే గ్రేడ్ 8. 8.8, 10.9 లాంటి అంకెలుంటే అది మిల్లీమీటర్ల బోల్టు. ఏ గుర్తూ లేని బజారు బోల్టు చాంబర్ దగ్గర పనికొస్తుందేమో గానీ ఫ్లైవీలుకీ, బేరింగ్ క్యాపులకీ ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు.

ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి

చాంబర్, టైమింగ్ కవరు, వాటర్ పంపు, ముందు వెనక ప్లేట్ల బోల్టుల మీద బరువు తక్కువ. మర శుభ్రంగా ఉండి, నిటారుగా ఉండి, తల మూలలు బాగుంటే నిశ్చింతగా మళ్ళీ వాడండి. పైగా ఆ కాలపు బోల్టులు ఇప్పుడు గుర్తు లేకుండా అమ్మే వాటికంటే నాణ్యమైనవి.

హెడ్ స్టడ్లని పరీక్షించి వాడొచ్చు. మంచి నట్టుని తీసుకుని స్టడ్ మరంతటా చేత్తో తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే అక్కడ స్టడ్ సాగింది. సాగినప్పుడు చుట్ల మధ్య దూరం పెరుగుతుంది, నట్టు మరతో కలవదు. పిచ్ గేజి ఆనించి వెలుతురుకి పట్టుకుంటే ఆ సందు కంటికి కూడా కనపడుతుంది. ఒకే రకం స్టడ్లని గాజుపలక మీద పక్కపక్కన పెట్టి పొడవు పోల్చండి, దొర్లించి వంపు చూడండి. తుప్పు గుంటలు పడినది, ముఖ్యంగా నీటి దారి పక్కన ఉన్నది, పారేయండి. వాషర్లు కూడా చూడాలి. హెడ్ నట్టు కింద గుంట పడిన వాషరు ఉంటే టార్క్ రెంచి చూపే అంకె అబద్ధమవుతుంది.

కనెక్టింగ్ రాడ్ బోల్టులు ఎంత బాగున్నట్టు కనపడినా కొత్తవి వేయండి. వాటి చరిత్ర మీకు తెలియదు. ఒక్కటి తెగితే రాడ్ బ్లాకు గోడని చీల్చుకుని బయటికొస్తుంది. ఈ ఇంజన్‌లో పిస్టన్ పిన్నుని రాడ్ చిన్న కొన ఒక క్లాంపు బోల్టుతో పట్టుకుంటుంది. దాన్నీ, దాని వాషరునీ కూడా మార్చండి. అది వదులైతే పిన్ను పక్కకి జరిగి సిలిండర్ గోడ మీద లోతైన గాడి పెడుతుంది.

మళ్ళీ వాడకూడనివి ఇంకొన్ని: చెవి ఒకసారి మడిచిన లాక్ వాషర్లు, స్ప్లిట్ పిన్నులు, నైలాన్ రింగు నట్లు, చదునైపోయిన స్ప్రింగ్ వాషర్లు, ఫైబర్ వాషర్లు. లాక్ వాషరుకి వాడని చెవి మిగిలుంటే దాన్ని మడిచి వాడతారు కొందరు. బిగ్ ఎండ్ (రాడ్ క్రాంక్‌ని పట్టుకునే పెద్ద కొన) దగ్గర మాత్రం ఆ పొదుపు వద్దు.

రాగి వాషరు ఒక్కటి దీనికి మినహాయింపు. అది నలిగి గట్టిపడుతుంది కాబట్టే రెండోసారి సీలు పట్టదు. చిమ్టాతో పట్టుకుని గ్యాస్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి, నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. నల్ల పొరని సన్న ఎమరీతో తుడిచి వాడండి. రెండు రాగి రేకుల మధ్య ప్యాకింగ్ పెట్టిన రకాన్ని మాత్రం కాల్చకండి. పాత వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.

శుభ్రం చేయడం

బోల్టుల్ని రాత్రంతా డీజిల్‌లో నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో మర తోమండి. గ్రైండర్‌కి బిగించే ఇనప తీగల చక్రం మర అంచుల్ని అరగదీస్తుంది, చాంబర్ బోల్టులకి తప్ప దేనికీ వద్దు. తుప్పు తీయడానికి ఆమ్లంలో వేయడం కూడా చిన్న బోల్టులకే. గట్టి ఉక్కు బోల్టులు ఆమ్లంలో హైడ్రోజన్ పీల్చుకుని పెళుసవుతాయి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో చెప్పాపెట్టకుండా తెగుతాయి. అదే కారణంగా హెడ్ స్టడ్లకి కొత్త జింకు పూత వేయించకండి.

రంధ్రాల్లో మర శుభ్రం చేయడానికి కోసే ట్యాప్ వాడితే మంచి లోహం కూడా పోయి మర వదులవుతుంది. మర శుభ్రం చేసే చేజర్ కొనండి. దొరక్కపోతే ఒక మంచి పాత బోల్టుకి నిలువునా రెండు గాడులు రంపంతో కోసి, అంచులు నునుపు చేసి తిప్పితే మురికి ఆ గాడుల్లోకి వస్తుంది. ఆ తర్వాత గాలి కొట్టి అడుగుదాకా ఆరబెట్టాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిలో నీళ్ళో మిగిలి ఉండగా బోల్టు బిగిస్తే, అణగని ద్రవం పక్కలకి తోసి పోత ఇనుము పగులుతుంది. బ్లాకే పోతుంది.

మర పోయిన రంధ్రాలకి పెద్ద బోల్టు కోసం కొత్త మర కోయించకండి. అదే కొలత హెలికాయిల్ (రంధ్రంలో కొత్త మరగా కూర్చునే ఉక్కు తీగ చుట్ట) వేయించండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోటికి వెళితే, యూఎన్ఎఫ్ ట్యాపులు ఉన్నాయో లేదో అడిగి మరీ ఇవ్వండి. లేకపోతే మిల్లీమీటర్ల ట్యాప్ వేసి ఇచ్చే ప్రమాదం ఉంది.

ముఖాలు, అంచులు

పాత ప్యాకింగ్‌ని తడిపి, మొద్దు ఇత్తడి రేకుతో గీకండి. ఎండుగా గీకి దుమ్ము పీల్చకండి, కారణం పైన చెప్పిన ఆస్బెస్టాసే. గ్రైండర్‌కి గరుకు బిళ్ళ పెట్టి రుద్దకండి. ఆ రజను బేరింగుల్లోకి చేరుతుంది. చివర్లో థిన్నర్ పూసిన గుడ్డతో తుడిచి, గుడ్డకి మరక రానంతవరకు మళ్ళీ మళ్ళీ తుడవండి.

చాంబర్ అంచుని తిరగేసి, ఉక్కు స్కేలు ఆనించి, వెనక టార్చి పెట్టి చూడండి. ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ లోహం పైకి ఉబ్బి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎక్కువ బిగించిన ఫలితం అది. ఉబ్బులు ప్యాకింగ్‌ని రంధ్రం దగ్గర నలిపేసి, రెండు బోల్టుల మధ్య గాలి ఆడేంత సందు వదులుతాయి. ఆయిల్ అక్కడినుంచే వస్తుంది, మెకానిక్ దాన్ని ఆపాలని ఇంకా బిగిస్తాడు, ఉబ్బు ఇంకా పెరుగుతుంది. అంచుని చదునైన ఉక్కు దిమ్మ మీద ఆనించి, చిన్న సుత్తితో ఉబ్బుల్ని మెల్లగా అణగకొట్టండి. స్కేలు కింద వెలుతురు రానంతవరకు ఓపికగా చేయాలి. టైమింగ్ కవరుకీ, సైడ్ కవర్లకీ, టాపెట్ కవరుకీ ఇదే పని. కొత్త ప్యాకింగ్ సెట్‌కి ఖర్చు పెట్టి ఈ గంట పని వదిలేస్తే డబ్బు వృథా.

హెడ్ స్టడ్లు తీసినప్పుడు బ్లాకు పైముఖంలో ప్రతి రంధ్రం చుట్టూ వేలు పెట్టి చూడండి. మొదటి చుట్టు పైకి లాగబడి గట్టులా తగులుతుంటే కౌంటర్‌సింక్‌తో కొద్దిగా వాలు తీయించండి. లేకపోతే హెడ్ గాస్కెట్ అక్కడ కూర్చోదు. స్టడ్లని తిరిగి చేతి బిగువుకే దించండి. అడుగుకి గట్టిగా బిగిస్తే బ్లాకు మీద అక్కర్లేని ఒత్తిడి పడుతుంది.

టార్కు

బోల్టు మీద మీరు పెట్టే బలంలో సుమారు సగం తల కింద రాపిడికీ, ఇంకో 40 శాతం మర రాపిడికీ పోతుంది. నిజంగా పట్టేది 10 శాతం. అందుకే తుప్పు మరతో 50 ఫుట్ పౌండ్లు చూపినా పట్టు ఉండదు. మరకీ, నట్టు కింద ముఖానికీ ఇంజన్ ఆయిల్ పలచగా రాసి, మిగిలింది తుడిచేయండి. మాలీ గ్రీజు (మాలిబ్డినం కలిపిన గ్రీజు) రాస్తే రాపిడి మరీ తగ్గి, అదే అంకెకి బోల్టు ఎక్కువ సాగుతుంది. దాన్ని వాడకండి.

ఈ కుటుంబం ఇంజన్లకి ఎంజీ కార్ల మాన్యువళ్ళలో ఉన్న అంకెలు: మెయిన్ బేరింగ్ 70 ఫుట్ పౌండ్లు, అంటే 95 న్యూటన్ మీటర్లు. బిగ్ ఎండ్ 35, అంటే 47. హెడ్ నట్లు 50, అంటే 68. పిస్టన్ పిన్ను క్లాంపు 25, అంటే 34. చాంబర్ 6, అంటే 8. టాపెట్ కవరు 4, సైడ్ కవర్లు 2 మాత్రమే. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. చివరి మూడు అంకెలు ఎంత చిన్నవో గమనించండి. పొడుగు పానాతో భుజం బలం పెట్టే అలవాటు అక్కడ పనికిరాదు.

క్రాంక్ వెనక కొన

ఇక్కడ క్రాంక్ మీద వెనక్కి తిప్పే మర చెక్కి ఉంటుంది. ఇంజన్ తిరిగేటప్పుడు ఆ మర ఆయిల్‌ని లోపలికి తోస్తుంది, తోసిన ఆయిల్ వెనక బేరింగ్ క్యాపులోని దారిగుండా చాంబర్‌లోకి దిగుతుంది. ఇది పనిచేయాలంటే మూడు జరగాలి.

క్యాపులోని ఆ దారిని సన్న తీగతో పొడిచి, గాలి కొట్టి తెరవండి. గడ్డకట్టిన ఆయిల్ దాన్ని మూసేస్తే ఆయిల్ క్లచ్ వైపే వెళుతుంది. రెండోది, వెనక క్యాపు బ్లాకుతో కలిసే అడ్డ ముఖాలకి గట్టిపడని సీలింగ్ పేస్టు వేలితో పలచగా రాసి, బేరింగ్ వైపు రాకుండా చూసి బిగించండి. మూడోది క్రాంక్‌కేసు గాలి. ముందు సైడ్ కవరుకున్న బ్రీదర్ పైపునీ (లోపలి గాలి బయటికి పోయే దారి), టాపెట్ కవరు నుంచి ఎయిర్ క్లీనర్‌కి పోయే గొట్టాన్నీ కిరసనాయిలుతో కడిగి, లోపలి జాలీ తెరుచుకుందో లేదో చూడండి. బ్రీదర్ మూసుకుంటే లోపలి ఒత్తిడి ముందు ఆ చిన్న మర ఓడిపోతుంది.

డిప్‌స్టిక్ మీది గీత దాటి ఆయిల్ పోయకండి. 20డబ్ల్యూ-40 లేదా 20డబ్ల్యూ-50 వాడండి. పలచని సింథటిక్ ఆయిల్ ఈ సందులోంచి సులువుగా జారుతుంది. మెకానికల్ ఫ్యూయల్ పంపు ఉన్న బండిలో ఆయిల్ మట్టం దానంతటదే పెరిగి పెట్రోల్ వాసన వస్తే, పంపు డయాఫ్రం చిరిగింది. ఆ ఆయిల్‌తో నడపొద్దు.

బిగించే వరస

టైమింగ్ కవరు: లోపల క్రాంక్ మీది ఆయిల్ విసిరే పళ్ళెం మరిచిపోకండి, విప్పినప్పుడు ఏ ముఖం బయటికి ఉందో గుర్తు పెట్టుకుని అలాగే వేయండి. బోల్టులు వేలి బిగువుకే ఉంచి, సీలుకి ఆయిల్ రాసి, క్రాంక్ పుల్లీని దూర్చండి. పుల్లీయే కవరుని నడిమధ్యకి తెస్తుంది. అప్పుడు బోల్టులు బిగించాలి. ముందే బిగిస్తే సీలు ఒకవైపు నలిగి, ఇంకోవైపు తేలుతుంది. పుల్లీ మెడ మీద గోరు పట్టేంత గాడి ఉంటే కొత్త సీలు కూడా కారుతుంది. సన్న ఉక్కు స్లీవ్ తొడిగించండి. పుల్లీ నట్టు కింద వాషరుకి కొంచెం పేస్టు రాయండి. కీ గాడి వెంబడి ఆయిల్ బయటికి పాకుతుంది, దాన్ని సీలు పోయిందని పొరబడతారు.

ఆయిల్ చాంబర్: ముందు వెనక బేరింగ్ క్యాపుల గాడుల్లోకి కార్కు పట్టీలు వెళతాయి. షాపులో ఏళ్ళు పడి ఉన్న కార్కు ఎండి కుంచించుకుపోతుంది. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే కొలతకొస్తుంది. పట్టీ కొనలు బ్లాకు ముఖం కంటే మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర పైకి ఉండనివ్వండి, సమంగా కోయకండి. పట్టీ, పక్క ప్యాకింగ్ కలిసే నాలుగు మూలల్లో మాత్రం బియ్యపు గింజంత ఆర్‌టీవీ సిలికాన్ (ఆరాక రబ్బరులా గట్టిపడే పేస్టు) పెట్టండి. చాంబర్ నుంచి కారేది దాదాపు ఎప్పుడూ ఆ మూలల్లోంచే. ప్యాకింగ్ అంతటా సిలికాన్ పులిమితే, లోపలికి పిండిన తోక ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడుతుంది, బేరింగులు పోతాయి. బోల్టులు మధ్యలోంచి కొనలకి, మూడు విడతల్లో బిగించండి.

సైడ్ కవర్లు: మానిఫోల్డ్ కింద రెండు రేకు మూతలు, ఒక్కొక్కదానికి మధ్యలో ఒకే బోల్టు. ప్యాకింగ్‌ని కవరుకి షెల్లాక్‌తో అతికించి ఆరనిచ్చి, బ్లాకు వైపు పొడిగా ఉంచండి. బోల్టు కింద కొత్త ఫైబర్ వాషరు తప్పనిసరి. ఎక్కువ బిగిస్తే రేకు మధ్యలో లోపలికి వంగి అంచులు లేస్తాయి. మానిఫోల్డ్ వేశాక వీటిని అందుకోవడం కష్టం కాబట్టి ఇప్పుడే సరిగ్గా చేయండి.

హెడ్ నట్లు మధ్యలోంచి బయటికి, 20, 35, 50 అని మూడు విడతల్లో. టాపెట్ కవరు ప్యాకింగ్‌ని కూడా కవరుకే అతికించి, రెండు నట్ల కింద రబ్బరు బుష్షులు కొత్తవి వేయండి.

ఆయిల్ ఫిల్టర్ డబ్బా రకమైతే, పైన గాడిలో ఇరుక్కున్న పాత రబ్బరు రింగుని సూదితో లాగి, బయటికొచ్చిందని కళ్ళతో చూశాకే కొత్తది పెట్టండి. పాతదాని మీద కొత్తది కూర్చుంటే స్టార్ట్ చేసిన నిమిషంలోనే ఆయిలంతా నేల మీదికి పోతుంది.

మొదటి స్టార్ట్ తర్వాత

ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ కనపడేదాకా స్టార్టర్‌తో తిప్పండి. తర్వాతే నడపండి. వేడెక్కాక ఆపి, కింద శుభ్రమైన అట్ట పరిచి రాత్రంతా వదిలేయండి. చుక్క పడిన చోటుకి నిట్టనిలువుగా పైన ఏముందో చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. కార్కు ప్యాకింగులు మొదటి వేడికి కొద్దిగా కుదురుకుంటాయి. చల్లారాక చాంబర్, టాపెట్ కవరు బోల్టులు అదే టార్కుకి ఒకసారి సరిచూడండి, అంతకు మించి ఒక్క పావు చుట్టు కూడా వద్దు.

సుమారు 500 కిలోమీటర్లు నడిచాక, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, హెడ్ నట్లని వరసలో ఒక్కొక్కటిగా అరపావు చుట్టు వదులు చేసి తిరిగి 50కి బిగించండి. వదులు చేయకుండా రెంచి పెడితే అంటుకున్న నట్టు కదలకుండానే రెంచి క్లిక్ మంటుంది. ఆ తర్వాత టాపెట్ సందులు (రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందులు) మళ్ళీ కొలిచి సరిచేయాలి. హెడ్ దిగిన కొద్దీ అవి మారతాయి.